గుణుపురంలో సొంతంగా ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నాను, ఐడియాలు చెప్పండి

గుణుపురం_కుర్రాడు | నవంబర్ 6, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరి గుణుపురం. ఏడేళ్ళు విశాఖలో ఒక కంపెనీ స్టోర్స్‌లో పనిచేశాను. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంటికి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళే ఉద్దేశం లేదు. బస్టాండు దగ్గర మాకు చిన్న కిరాణా కొట్టుంది, కానీ అది నాన్నది. నాకంటూ ఒకటి పెట్టుకోవాలి. చేతిలో మూడు లక్షల చిల్లర ఉంది.

రాత్రిళ్ళు యూట్యూబ్‌లో తక్కువ పెట్టుబడి వ్యాపారాలు చూసి చూసి బుర్ర వేడెక్కిపోయింది. పుట్టగొడుగులు, కొవ్వొత్తులు, కార్ వాష్, టీ ఫ్రాంచైజీ. రాత్రి నచ్చింది పొద్దుటికి నచ్చడం లేదు. టీ వాళ్ళయితే రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు, వారంలోపు అడ్వాన్సు కడితే తగ్గిస్తారట. మన సరిహద్దు ఊళ్ళల్లో నడిచేది ఏదైనా ఉంటే చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

జయపురం_బావ | నవంబర్ 6, రాత్రి 10:40

టీ ఫ్రాంచైజీయా? మన బస్టాండులో పది రూపాయల టీ తాగడానికే జనం పక్కవాడి జేబు వంక చూస్తారు బావా. ముందు ఆ ఫోన్ నంబరు బ్లాక్ చెయ్యి.

కంధమాల్ పసుపు పొడి చేసి ప్యాకెట్లు కట్టు. పేరున్న సరుకు, చెప్పి అమ్మక్కర్లేదు.

అప్పడాల_బుజ్జి | నవంబర్ 7, ఉదయం 7:05

బరంపురం నుంచి. అప్పడాలు, పచ్చళ్ళు మా అమ్మమ్మ కాలం నుంచి ఇంటి వ్యాపారం.

బావగారూ, కంధమాల్ పసుపుకి 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అనే ముద్ర) వచ్చింది. సంతలో దొరికిన పసుపు కొని, దంచి, ఆ పేరు వేసి అమ్మితే ఊరుకోరు. ఆ జిల్లా సరుకే అయ్యుండాలి, ఆ పేరు వాడుకునే హక్కుకీ పద్ధతి ఉంది.

తమ్ముడూ, తిండి సరుకు చేయాలనుకుంటే ముందే ఒక మాట. చిన్న అమ్మకమైతే ఫుడ్ సేఫ్టీ బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు చాలా తక్కువ. దానికి ఏజెంటుకి రెండు వేలు ఇచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. లేబుల్ తెలుగులో అందంగా వేయిస్తే సరిపోదు. వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండాలి, ఆ పైన తెలుగూ ఒడియా నీ ఇష్టం. నేను మొదటిసారి అయిదు వేల లేబుళ్ళు తెలుగూ ఒడియాల్లో మాత్రమే వేయించి, అన్నీ అటకెక్కించాను. ఇప్పటికీ మా పిల్లలు వాటి వెనక లెక్కలు చేసుకుంటున్నారు.

సిరొంచ_శీను | నవంబర్ 7, మధ్యాహ్నం 1:20

అన్నా, నాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరొంచ. మీది ఒడిశా బార్డరు, మాది తెలంగాణ బార్డరు. కథ ఒక్కటే.

నేను బట్టల కొట్టు పెట్టిన. గోదావరి మీద కాళేశ్వరం వంతెన లేనప్పుడు పడవ దాటి పోయేటోళ్ళు తక్కువ, మా ఊర్లనే కొనేటోళ్ళు. వంతెన అయినంక బస్సెక్కి పోయి మంచిర్యాల, వరంగల్‌లో పెళ్ళి బట్టలు తెచ్చుకునుడు మొదలుపెట్టిన్రు. రెండేళ్ళల్ల కొట్టు మూసిన. అదే షెటర్ల ఇప్పుడు మోటార్లు, మిక్సీలు బాగు చేస్తున్న. బట్టలు కొననీకి మంచిర్యాల పోతరు గాని, కాలిన మోటారు బస్సుల వేసుకొని అంత దూరం ఎవడు పోతడు?

బార్డరు ఊర్ల అవతలి నుంచి మోసుకొచ్చుకునే సరుకు పెట్టకు అన్నా. జనం మోసుకుపోలేనిదో, మీ దగ్గర పుట్టి అవతలోళ్ళకు కావాల్సిందో చూడు.

రాయగడ_లక్ష్మి | నవంబర్ 7, రాత్రి 9:15

శీనుగారు చెప్పింది పదిసార్లు చదువు తమ్ముడూ.

ఐడియా కోసం మమ్మల్ని అడిగే ముందు మీ నాన్నగారి కొట్టులో పది రోజులు కూర్చో. ఒక నోటుబుక్కు పెట్టుకో. అమ్మింది రాయకు. "లేదు" అని చెప్పి పంపించినవి మాత్రం రాయి. ఎవరు అడిగారు, ఏ ఊరు, ఎన్ని కావాలన్నారు. పది రోజులయ్యాక ఆ పేజీలు ఇక్కడ పెట్టు.

పర్లాకిమిడి_మేనేజర్ | నవంబర్ 8, ఉదయం 6:30

నేను బ్యాంకులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. లక్ష్మిగారి సలహా బాగుంది. అయితే అప్పు సంగతి ఇప్పుడే చెప్పడం మంచిది, ఎందుకంటే చాలామంది వరస తప్పి దెబ్బతింటారు.

పీఎంఈజీపీ అని, సొంత యూనిట్ పెట్టుకునేవాళ్ళకి సబ్సిడీతో అప్పిచ్చే కేంద్ర పథకం 2008 నుంచి ఒకటుంది. గ్రామీణ ప్రాంతంలో జనరల్ వాళ్ళకి ప్రాజెక్టులో 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ తదితరులకి 35 శాతం సబ్సిడీ. పట్టణంలో అయితే అది 15, 25 శాతాలు. మన చేతి డబ్బు 10 శాతం, ప్రత్యేక వర్గాలకి 5 శాతం. మీ స్థలం ఏ లెక్కలోకి వస్తుందో రాయగడ డీఐసీలో (జిల్లా పరిశ్రమల కేంద్రం) కనుక్కోవాలి. సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులోనే మీ పేర మూడేళ్ళు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని చూశాక అప్పులో కలుస్తుంది. నెలాఖరుకి లక్ష వచ్చి పడుతుందని ఏ బ్రోకరైనా చెబితే మంచినీళ్ళిచ్చి పంపించండి.

అసలు సంగతి: ఇందులో మొదటి అప్పు కొత్త యూనిట్లకే. ముందు మొదలుపెట్టేసి, బాగా నడిచాక అప్పు అడుగుదామనుకుంటే ఈ పథకంలో రాదు. ముద్రా అనే చిన్న వ్యాపారుల అప్పు పథకం అలా కాదు. నడుస్తున్న చిన్న వ్యాపారానికీ ఇస్తారు, శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు.

అప్పడాల_బుజ్జి | నవంబర్ 8, ఉదయం 8:00

మేనేజర్‌గారూ, మీమీద గౌరవంతోనే అంటున్నాను. ఏమి అమ్మాలో తెలియని పిల్లాడికి అప్పు దారి ముందు చూపిస్తే, సబ్సిడీ ఎక్కువొచ్చే మిషన్ కొనేస్తాడు. మా పక్క వీధిలో ఒకాయన అలాగే నూడుల్స్ మిషన్ తెచ్చాడు. ఇప్పుడు దానిమీద బట్టలారేస్తున్నారు.

పర్లాకిమిడి_మేనేజర్ | నవంబర్ 8, ఉదయం 8:25

నిజమే, ఒప్పుకుంటాను. అలాంటి మిషన్లకి సంతకాలు పెట్టిన చేతులే ఇవి.

గుణుపురం_కుర్రాడు | నవంబర్ 19, రాత్రి 11:02

లక్ష్మి అక్కా, పదకొండు రోజులు కూర్చున్నాను. మొదటి రెండు రోజులు నాన్న అనుమానంగా చూశారు, లెక్కలు తనిఖీ చేస్తున్నానేమో అని.

లేదని పంపినవి ఇవి. అడ్డాకుల విస్తళ్ళు 23 సార్లు. మోటారు వైండింగు ఎక్కడ చేస్తారని 9 మంది. ఒడియా ఫారం నింపిపెట్టమని 8 మంది, అందరూ తెలుగువాళ్ళే, మాట్లాడతారు గానీ ఒడియా రాయలేరు. చోడి (రాగి) పిండి 6. రాగి తీగ, గాలిపటాలు, పాము మందు (!) ఒక్కొక్కటి.

అడ్డాకులు అన్నిసార్లు అడగడం నేను ఊహించలేదు. కార్తీకం కదా, వనభోజనాలకి అనుకున్నాను. కానీ 23లో 11 మంది పెళ్ళిళ్ళకి మాఘంలో కావాలని ముందుగా అడిగినవాళ్ళు. ఇద్దరు ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చిన వంటవాళ్ళు. మా కొట్టులో ఉన్నవి మెరుపు కాగితం ప్లేట్లు. అవి చూపిస్తే, సాంబారు పోస్తే మెత్తబడిపోతాయని ఒకాయన మొహంమీదే అన్నాడు.

వింత ఏంటంటే, ఆకు మా వెనకే ఉంది. సంతకి సవర ఆడవాళ్ళు కొండ దిగి కట్టలు కట్టలు తెస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎప్పుడూ అది వ్యాపారంలా కనిపించలేదు.

జయపురం_బావ | నవంబర్ 19, రాత్రి 11:10

పాము మందు అడిగినోడి ఊరు రాసుకున్నావా? జాగ్రత్త.

రాయగడ_లక్ష్మి | నవంబర్ 20, ఉదయం 5:50

మా మహిళా గ్రూపు ఆరేళ్ళుగా చేసేది అడ్డాకు పనే. ఒడియాలో సియాళి పత్రం అంటారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఆకు కోసి, నీడలో ఆరబెట్టి, సన్నని వెదురు పుల్లలతో కుట్టింది పచ్చి విస్తరి. అది సంతలో దొరుకుతుంది. దాన్నే మిషన్‌లో వేడి డై (అచ్చు) మధ్య పెట్టి నొక్కితే అంచు లేచిన గట్టి ప్లేటు అవుతుంది. వంటవాళ్ళు అడిగేది ఈ రెండోదే. డబ్బు కూడా ఇందులోనే ఉంది, నష్టం కూడా.

ఆకు మరీ ఎండితే డై కింద పటుక్కున చీలుతుంది. అందుకే నొక్కే ముందు కొంచెం తడి చల్లుతాం. తడి ఎక్కువైతే మూడో రోజుకి బూజు. ఈ రెంటి మధ్య తడి ఎంతో పుస్తకంలో రాయలేను, చేతికి తెలియాలి. మాకే ఏడాది పట్టింది. వానాకాలంలో ఆరదు, ఆషాఢంలో అడిగేవాడు ఉండడు. కాబట్టి ఏడాదికి ఏడెనిమిది నెలల పని అనుకో.

మిషన్ ఇప్పుడే కొనకు. కుట్టిన విస్తళ్ళు కొని, నడుస్తున్న మిషన్ దగ్గర కూలికి నొక్కించు. ఒక సీజను అమ్మి చూడు.

ఇంకో సంగతి. ఆడవాళ్ళ దగ్గర బేరం ఆడి నలభై పైసలు తగ్గించి గొప్పనుకునేవాళ్ళు మన ఊళ్ళో చాలామంది. కొండ మీద ఆకు కోసి, పుల్ల చీల్చి, కుట్టి, తలమీద మోసుకొస్తే రోజుకి ఎంత మిగులుతుందో ఒకసారి కూర్చుని లెక్క వెయ్యి. మంచి ధర ఇచ్చినవాడికే మంచి ఆకు ముందు వస్తుంది.

పర్లాకిమిడి_మేనేజర్ | నవంబర్ 20, ఉదయం 7:40

పాతపట్నం అన్నారు గనక జీఎస్టీ మాట చెప్పాలి. 1936లో గీత గీసి పర్లాకిమిడిని ఇటూ, పాతపట్నాన్ని అటూ పెట్టారు. మన చుట్టాలు, పెళ్ళిళ్ళు ఆ గీత ఎప్పుడూ చూడలేదు గానీ పన్ను మాత్రం చూస్తుంది.

సరుకు అమ్మేవాళ్ళకి మామూలుగా ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది సొంత రాష్ట్రంలో అమ్మితేనే. పన్ను పడే సరుకు పక్క రాష్ట్రానికి పంపితే, అది పది వేల రూపాయలదైనా, ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి. కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు అమ్మకంలో కొద్ది శాతం పన్నుగా కట్టే పద్ధతి) తీసుకున్నవాళ్ళు అసలు పంపకూడదు. సరిహద్దు ఊళ్ళల్లో తెలియక తప్పు చేసేది ఇక్కడే. బుజ్జిగారి పచ్చళ్ళు ఇచ్ఛాపురం పంపాలంటే ఈ లెక్కే.

కాని మీ అదృష్టం, సాలాకు, సియాళి ఆకుతో చేసినవాటికి జీఎస్టీ లేదు. మినహాయింపు సరుకు ఒక్కటే అమ్మేవాడికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పాతపట్నం పంపినా సరే. అయితే వెనక అట్ట అంటించిన ప్లేటుకి కూడా అదే వర్తిస్తుందో లేదో అకౌంటెంటుని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మీ నాన్నగారి కిరాణా బిల్లుల్లో ఇది కలపకండి, లెక్క వేరుగా పెట్టండి.

వంశధార_గట్టు | నవంబర్ 20, సాయంత్రం 6:30

అడవి సరుకు కదా, ఫారెస్టు వాళ్ళు ఆపరా? మా మావయ్య చింతపండు లోడుతో ఒకసారి రాత్రంతా గేటు దగ్గరే పడుకున్నాడు.

రాయగడ_లక్ష్మి | నవంబర్ 20, రాత్రి 8:45

కోసుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో ఉండేవాళ్ళది. నువ్వు కొని బండిమీద వేసి జిల్లా, రాష్ట్రం దాటిస్తే ఏ కాగితం కావాలో పంచాయతీలోనూ రేంజ్ ఆఫీసులోనూ ముందే అడుగు. ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎన్ని కొన్నావో తారీఖులతో పుస్తకంలో ఉంచు. మేము అలాగే ఉంచుతాం. గేటు దగ్గర మాటల కంటే పుస్తకం బాగా పనిచేస్తుంది.

సిరొంచ_శీను | నవంబర్ 21, ఉదయం 9:10

అన్నా, మోటారు వైండింగు 9 మంది అడిగిన్రు కదా, దాన్ని ఇడిచిపెట్టకు. నీకు రాకపోతే వచ్చినోన్ని పట్టు. ఆర్‌సెటీ అని ప్రతి జిల్లాల బ్యాంకోళ్ళ శిక్షణ కేంద్రం ఉంటది, తిండి, ఉండుడు అన్నీ ఫ్రీ. నేను పని నేర్చింది అట్లనే.

గుణుపురం_కుర్రాడు | నవంబర్ 21, రాత్రి 10:00

శీనన్నా, నాకు కరెంటు అంటే భయం, చిన్నప్పుడు ఒకసారి కొట్టింది. మా పిన్ని కొడుకు ఐటీఐ చేసి ఖాళీగా ఉన్నాడు, వాడికి ఈ పేజీ చూపించాను. ఆర్‌సెటీలో పేరు రాయించుకుంటానన్నాడు.

నేను ఆకులతోనే వెళ్తాను. మూడు లక్షల్లోంచి ముప్పై వేలే తీస్తాను, మిగతాది అమ్మ పేర వేసేశాను, నాకే అందకుండా.

అప్పడాల_బుజ్జి | నవంబర్ 21, రాత్రి 10:20

ఇదీ మాట! బోర్డు రాయించేటప్పుడు ఒడియా పైన పెద్దగా, తెలుగు కింద. ఒడియా లేకుండా బోర్డు పెడితే ఇబ్బంది పడతావు. పాతపట్నం వాళ్ళకి తెలుగు ఫోన్లో వినిపిస్తే చాలు.

గుణుపురం_కుర్రాడు | ఫిబ్రవరి 16, రాత్రి 9:30

చాలా రోజులైంది, క్షమించండి. మొదటి పెద్ద ఆర్డరు లెక్క పెడుతున్నాను. దాచకుండా పెడుతున్నాను, నవ్వుకోండి.

పాతపట్నం వంటాయన 2,000 ప్లేట్లు అడిగాడు, ఒక్కోటి 3 రూపాయల 50 పైసలు. డై కింద నూటికి పన్నెండు దాకా చీలుతున్నాయి గనక 2,270 విస్తళ్ళు కొన్నాను, ఒక్కోటి 1.20 చొప్పున 2,724. నొక్కుడు కూలి 80 పైసల చొప్పున 1,816. అట్ట వేయించలేదు, ఉత్త ఆకే. ఆటో 600. మొత్తం 5,140. రావలసింది 7,000. మిగులు 1,860 అనుకుని ఆ రాత్రి ఇంట్లో కోడికూర.

పెళ్ళి నాడు పొద్దున్నే ఫోన్. 300 ప్లేట్లకి బూజు, తెల్లగా చుక్కలు. నొక్కిన వేడి మీదే దుమ్ము పడకూడదని పాలిథిన్ కవర్లలో బిగించి కట్టాను. లోపలి ఆవిరి బయటికి పోలేదు. ఆయన తిట్టలేదు, అదే ఇంకా బాధ. "బాబూ, పీటల దగ్గర ముందు వరసకి మంచివే వేశాను, వెనక వరసకి కాగితం ప్లేట్లు తెప్పించుకున్నాను" అన్నాడు. 300కి డబ్బు వదిలేశాను, 1,050 పోయింది. చివరికి మిగిలింది 810.

జయపురం_బావ | ఫిబ్రవరి 16, రాత్రి 9:41

కోడి ఖర్చు తీశావా బావా?

పర్లాకిమిడి_మేనేజర్ | ఫిబ్రవరి 17, ఉదయం 6:15

810 కూడా మిగల్లేదు నాయనా. నువ్వు సంతకి, రాయగడకి, పాతపట్నానికి తిరిగిన రోజులెన్ని? ఆ రోజుల కూలి ఏది? సరుకు పెట్టిన చోటికి అద్దె ఏది? అవి వేస్తే నష్టమే. బాధపడమని కాదు, ధర ఎంత చెప్పాలో ఇప్పుడు తెలుస్తుందని చెబుతున్నాను. మూడున్నర తక్కువ.

డబ్బు వదిలేయడం మాత్రం మంచి పని చేశావు. ఆ వంటాయన మళ్ళీ పిలిచాడా?

గుణుపురం_కుర్రాడు | ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 2:05

పిలిచారు సార్! నిన్ననే. ఫాల్గుణంలో రెండు పెళ్ళిళ్ళు, 3,500 ప్లేట్లు. 4 రూపాయలు చెప్పాను, గొంతు వణికింది. ఒక్క క్షణం ఆగి "సరే, బూజు లేకుండా చూడు" అన్నాడు.

రోజుల లెక్క వేశాను. తొమ్మిది రోజులు తిరిగాను. ఇంక వెయ్యను, కళ్ళు తిరిగాయి. ఈసారి విస్తళ్ళు సంతలో కాకుండా ఊళ్ళోకే వెళ్ళి తీసుకుంటాను, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే కొలతతో కుడతామన్నారు. ఒక్కోటి 1.40 ఇస్తానన్నాను. కొలత ఒకటైతే డై కింద చీలేవి తగ్గుతాయని మిషన్ ఆయన అంటున్నాడు.

లక్ష్మి అక్కా, నొక్కాక ఎన్ని గంటలు ఆరబెట్టాలి?

రాయగడ_లక్ష్మి | ఫిబ్రవరి 17, రాత్రి 8:30

గంటలు కాదు. నీడలో, గాలి ఆడే చోట, ఒకదానిమీద ఒకటి కాకుండా అంచుమీద నిలబెట్టు. ఒక రాత్రి ఉంచి పొద్దున్న ప్లేటు వెనక చెంపకి ఆనించి చూడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. కట్టడానికి పాలిథిన్ వద్దు, పాత గోనె లేదా కాగితం. గురువారం ఒక యాభై ప్లేట్లు పట్టుకుని రాయగడ రా, మా వాళ్ళు చూసి చెబుతారు. పొద్దున్న బస్సుకే రా, మధ్యాహ్నం అయితే అందరూ పొలాలకి వెళ్ళిపోతారు.

సిరొంచ_శీను | ఫిబ్రవరి 18, ఉదయం 10:00

పిన్ని కొడుకు సంగతి చెప్పలే?

గుణుపురం_కుర్రాడు | ఫిబ్రవరి 18, రాత్రి 10:15

శిక్షణ అయిపోయింది శీనన్నా. మా కొట్టు పక్క వసారాలో బల్ల వేసుకున్నాడు. మొదటి వారం మూడు మోటార్లు వచ్చాయి, ఒకటి మళ్ళీ కాలింది. నీ నంబరు అడుగుతున్నాడు, మెసేజ్‌లో పంపుతావా?

వసారాలో సగం వాడి మోటార్లు, సగం నా ప్లేట్లు. మేనేజర్‌గారు రాసింది నిన్న రాత్రి నాన్న నా ఫోన్లో చదివేశారు. పొద్దున్న కాఫీ ఇస్తూ, ఆ వసారాకి నెలకి ఎంత ఇద్దామనుకుంటున్నావు అని అడిగారు.